ఉప్పు మరిచిన జావ

సిద్ధయ్య తాతను ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. పాపాఘ్ని నది ఒడ్డున, కొండ మీద ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి వెళ్ళివచ్చినవాళ్ళందరూ ఈ మాటే అనుకుంటారు. ఆత్మ ఎక్కడుంటుందని అడిగిన ఒక పెద్దమనిషి సాయంత్రందాకా కందికంప మోశాడట. మోక్షం సంగతి తేల్చుకుందామని కారేసుకుని వచ్చిన మరొకాయన బావిలో పూడిక తీసి, నడుం పట్టుకుని ఇంటికి పోయాడట. వాళ్ళకు జవాబు దొరికిందో లేదో తెలియదు గానీ, ఆశ్రమంలో కట్టెలకూ నీళ్ళకూ మాత్రం ఎన్నడూ కొదవ రాలేదు.

ఆ సంగతి తెలిసి కూడా కేశవులు ఒక ప్రశ్న అడిగాడు.

కొండకు రాకముందు కేశవులు బస్సు కండక్టరు. పగలంతా జనం తొక్కిడి, ఇంటికి పోతే చుట్టాల తాకిడి. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. తమ్ముళ్ళ పంపకాలు తీర్చాడు. మంచాన పడిన తల్లికి చివరిదాకా సేవ చేసి మట్టిచేశాడు. ఇక తనతో ఎవరికీ అవసరం లేదని తేల్చుకున్నాకే చేతిసంచి పట్టుకుని కొండెక్కాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎవరూ పేరు పెట్టి పిలవని చోట కాసేపు కూర్చోవాలని ఎవరికి మాత్రం ఉండదు?

తీరా కొండ మీదికి వచ్చి చూస్తే అక్కడ జోలె ఉంది. ఆ ఆశ్రమంలో కట్టెలు చలిమంటకే, వంటకు పొయ్యి లేదు. రోజూ పొద్దున శిష్యుడు కిందికి దిగి, కొండకిందపల్లెలో ఐదిళ్ళ ముందు నిలబడి 'గురువు జోలె తల్లీ' అని పిలవాలి. ఆ ఇంట్లో ఏది వండితే అది పెడతారు. దీనికి రెండు నియమాలున్నాయి. జోలె పట్టినవాడు గడప దాటకూడదు. పెట్టినదాంట్లో మొదటి ముద్ద ఆ వాకిట్లోనే, పెట్టిన మనిషి చూస్తుండగా తినాలి. తాతకు గురువైన ఆయన పెట్టిపోయిన ఆచారమది. తాత కాళ్ళలో పట్టు తగ్గాక ఆ జోలె కేశవులు భుజం మీదికి వచ్చింది.

ఆ మొదటి ముద్ద దగ్గరే అతనికి ప్రాణసంకటం. నోట్లో ముద్ద పెట్టుకున్న మనిషి ఎక్కడికీ కదలలేడు. కదలని మనిషి దొరికితే లోకంలో ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటారు. ఎవరి బర్రె వట్టిపోయిందో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, ఎవరి బోరు ఎండిపోయిందో అన్నీ ఆ ముద్దతోపాటు కేశవులు గొంతు దిగేవి. కండక్టరు ఉద్యోగంలో కనీసం 'ముందుకు జరగండి' అని అరిచే వీలుండేది. ఇక్కడ అదీ లేదు.

ఐదిళ్ళలో చివరిది సుంకులవ్వ ఇల్లు. ఆమె మోదుగాకులతో విస్తర్లూ దొన్నెలూ కుట్టి అమ్ముకుంటూ ఒంటరిగా బతుకుతుంది. ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా జనం తినేది ఆమె కుట్టిన ఆకుల్లోనే, ఆమె మాత్రం ఎవరి బంతిలోనూ కూర్చోదు. మొగుడు పోయినప్పుడు దినాల భోజనం దగ్గర చుట్టాలు ఏదో మాటన్నారని ఊరందరితోనూ రాకపోకలు తెంచుకుంది. అప్పటినుంచీ ఒకరింటి చల్ల కూడా ముట్టదు. "నాకు ఎవరూ అక్కర్లేదు, నేనూ ఎవరికీ అక్కర్లేదు" అని తలెత్తుకుని చెబుతుంది. ఆమె వాకిట్లో ఆగే మనిషి జోలె పట్టుకున్న కేశవులు ఒక్కడే. అతను ఆగితే చాలు, "ఇంత పొద్దెక్కినాక వస్తే సంకటి రాయిగాక ఏమైతాది?" అని మొదలుపెట్టేది. ముద్ద నోట్లో పెట్టుకునేలోగా "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది. "సరిపోయిందవ్వా" అనేవాడు కేశవులు ఆకాశం వైపు చూస్తూ. ఆ తర్వాత ఆమె నడుమునొప్పి కథ ఉండనే ఉంది.

ఒకరోజు జోలె దించి, తాత ఎదుట కూర్చుని అడిగాడు.

"తాతా, మనిషి స్వేచ్ఛగా బతకడమంటే ఏంది?"

"నీకేమనిపిస్తాది?" అన్నాడు తాత.

"ఒకరి దగ్గర తీసుకున్నంత కాలం వాళ్ళకు కట్టుబడి ఉండాల్సిందే. ముద్ద తింటే మాట వినాల. మాట వింటే అది మనసులో కూచుంటాది. కండ్లు మూసుకుంటే నాకు దేవుడు కనపడ్డంలే తాతా, సుంకులవ్వ నడుమునొప్పి కనపడతాంది."

తాత నవ్వలేదు. చాలాసేపు శిష్యుడి మొహంలోకి చూశాడు. అతను నిజంగానే అలసిపోయి ఉన్నాడని ఆయనకు అర్థమైంది.

"అయితే తీసుకోవాకు. మన చేని చెక్కలో పండిన రాగులున్నాయి, ఇంత పిండీ పట్టించి ఉంది. నువ్వే వండు, నేనూ అదే తింటా."

అలా కేశవులుకూ పని దొరికింది. అయితే ఈ పని అతనికి వరంలా తోచింది. జోలెను చిలక్కొయ్యకు తగిలించి, మూడు రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టుకున్నాడు. పొద్దున్నే లేచి నదిలో మునిగి వచ్చి, బండ మీద కూర్చుంటే పలకరించేవాడు లేడు. నీటికోళ్ళ కూతలు, గాలి, ఎండ, అంతే. మనసు తేలికపడింది. ఆ సంతోషం నిజమైనదే. దాన్ని మనం చిన్నచూపు చూడనక్కర్లేదు. ఏళ్ళ తరబడి మోసిన మూట దించుకున్న మనిషికి భుజాలు ఎంత హాయిగా ఉంటాయో మోసినవాళ్ళకే తెలుసు. కండ్లు మూసుకుంటే సుంకులవ్వ కూడా కనబడడం మానేసింది.

ఒక్క విషయంలోనే కొంచెం వెలితిగా ఉండేది. పొగలో కండ్లు మండుతుండగా సంకటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, ఆకులో పెట్టి తాత ముందుంచేవాడు. తాత తలొంచుకుని తినేవాడు. బాగుందనేవాడు కాదు, బాగాలేదనీ అనేవాడు కాదు. కేశవులు ఎదురుగా కూర్చుని ఆయన దవడల వైపే చూస్తుండేవాడు. ఒకనాడు ఉండబట్టలేక, "తాతా, ఉప్పు సరిపోయిందా?" అని అడిగేశాడు.

"సరిపోయింది నాయనా," అన్నాడు తాత, ఆకాశం వైపు చూస్తూ.

కేశవులుకు ఎందుకో ఆ పూట అన్నం సయించలేదు.

కొన్నాళ్ళకు పిండి అయిపోయింది. ఎంత ఒంటరి బతుకైనా రాగులు తమంతట తాము పిండి కావు గదా. సంచి భుజాన వేసుకుని, పొద్దున ఏమీ తినకుండానే, పల్లెలోని పిండిమరకు బయలుదేరాడు కేశవులు. ఎవరి వాకిట్లోనూ ఆగే పని లేదు కాబట్టి చకచకా నడిచాడు. కానీ వీధిలో అడుగుపెట్టగానే ఏదో తేడా కనిపించింది. ఎదురైన ఆడవాళ్ళు పలకరించడానికి జంకుతున్నారు. ఒకామె అతన్ని చూసి గబగబా లోపలికి పోయింది. మర దగ్గర చౌడమ్మ పిండి జల్లించుకుంటోంది. జోలె ఇళ్ళలో ఆమెది నాలుగోది, సుంకులవ్వ ఇంటికి ఎదురిల్లు. ఆమే ధైర్యం చేసి నోరు తెరిచింది.

"సామీ, మా ఇంట్లో ఏమన్నా తప్పు జరిగిందా? నువ్వు కడపటిసారి వచ్చిన దినం పప్పులో బ్యాళ్ళు సరిగా ఉడకలేదని మా ఆయన అన్నాడు. అందుకేనా జోలె రావడం మానుకుండేది?"

"అట్లాంటిదేం లేదమ్మా," అన్నాడు కేశవులు తెల్లబోయి. తను వదులుకున్నది తన ముద్దనే అనుకున్నాడు. అది ఇంతమందికి తగిలి ఉంటుందని అతనికి తట్టలేదు.

"మా సంగతి పోనీ సామీ. ఆ సుంకులవ్వను ఒకసారి చూసి పో. జోలె రానప్పటినుంచీ ఆ ఇంట్లో పొయ్యి ముట్టించలేదు. ఒక్క కడుపుకు వంటేంది అని బొరుగులు నమిలి నీళ్ళు తాగుతాండె. ఇప్పుడు జొరం తగులుకునింది. డాక్టరొచ్చి మాత్రలిచ్చి, కడుపులో ఏదన్నా పడినాకే మింగమన్నాడు. నేను జావ చేసుకపోతే, ఎత్తుకపో అని తిట్టి పంపె. ఇంకో రెండు దినాలు ఇట్లే ఉంటే ముసిల్ది దక్కదు."

కేశవులు ఇక ఆగలేదు. వెచ్చటి పిండి సంచి భుజాన వేసుకుని గబగబా ఆ ఇంటికి నడిచాడు. ఇప్పుడు చేతిలో జోలె లేదు కాబట్టి గడప దాటి లోపలికి వెళ్ళాడు. సుంకులవ్వ కుట్టని ఆకుల కట్టల మధ్య, చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. తలదగ్గర మాత్రలు పొట్లం విప్పకుండా అలాగే ఉన్నాయి.

"అవ్వా, నేను కేశవులును. ఉండు, ఇంత జావ కాస్తా."

ఆమె కండ్లు తెరిచి, అతన్నీ అతని సంచినీ చూసింది.

"నీ పిండి నాకెందుకు? నేను ఒకరి చేతి కూడు తిన్నదాన్ని కాదు."

"ఒంట్లో బాగలేనప్పుడు పంతమేంది అవ్వా?"

"పంతం నాదా?" ఆమె మోచేతి మీద లేవబోయి, లేవలేక మళ్ళీ వాలిపోయింది. "నా కూడు వద్దనుకున్నోనివి నువ్వు. నీ కూడు నేను తినాల్నా? పడుకుని అదే ఆలోచిస్తాండా. ఏనాడు కారం ఎక్కువైంది, ఏనాడు సంకటి ఉడకలేదు అని. నాకు జ్ఞాపకం రావడంలే. తప్పేందో చెప్పి మానుకోని ఉంటే బాగుండు."

కేశవులుకు కండ్లలో నీళ్ళు తిరిగాయి. నీ తప్పేమీ లేదు, నేనే స్వేచ్ఛ కోసం మానుకున్నానని చెప్పబోయాడు. ఒకరి దగ్గర తీసుకుంటే కట్టుబడాలి, కట్టుబడితే మనశ్శాంతి ఉండదు అని తాతకు చెప్పిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. వచ్చినవి అక్కడే ఆగిపోయాయి. అవి చెబితే ఆమె 'నేనూ అదే గదా అంటాండేది' అంటుంది. ఎవరికీ ఏదీ బాకీ పడకుండా, ఎవరి చల్ల చుక్కా ముట్టకుండా బతకడంలో, కొండెక్కకుండానే ఆమె అతనికంటే చాలా ముందుంది. ఆ బతుకు చివరికి ఎక్కడికి వచ్చిందో ఆ చాప మీద కనబడుతూనే ఉంది. బతిమాలితే తినదు. బలవంతాన నోట్లో పోస్తే ఉమ్మేస్తుంది. వదిలేసి పోతే చచ్చిపోతుంది.

కేశవులు లేచి బయటికి వచ్చాడు. పోయాడనే అనుకుని అవ్వ గోడవైపు తిరిగింది. అతను వాకిట్లోకి వచ్చి, పిండి సంచి గోడ వారగా పెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి రెండు చేతుల మీదా పరుచుకున్నాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని అప్పుడు అతనికి గుర్తుకొచ్చింది. నిజంగానే కడుపు కాలుతోంది.

"గురువు జోలె తల్లీ!" అని పిలిచాడు.

మరోసారి గొంతెత్తి పిలిచాడు.

"జోలె యాడుంది నీ దగ్గర?" అంది లోపలినుంచి గొంతు.

"తువ్వాలుంది తల్లీ. ఆకలైతాంది."

తర్వాత చాప కదిలిన చప్పుడైంది. "వేళాపాళా లేదు ఈ మనిషికి. పొయ్యే ముట్టించలే, ఏం పెట్టేది? ఉండు, యాడికీ పోవాకు."

గోడ పట్టుకుని అవ్వ లేచింది. కేశవులు చూస్తూ నిలబడ్డాడు. రెండడుగులు వేసి పట్టుకుందామని ప్రాణం కొట్టుకుంది, కానీ జోలె పట్టినవాడు గడప దాటకూడదు. దాటితే ఆమె మళ్ళీ చాప మీదికే పోతుందని అతనికి తెలుసు. ఆమె పొయ్యి ముందు కూలబడి, ఎండుపుల్లలు పేర్చి ఊదింది. దగ్గొచ్చింది. మళ్ళీ ఊదింది. మంట అంటుకుంది. చెంబులో నీళ్ళు గిన్నెలోకి వొంపింది. డబ్బా అడుగున ఉన్న పిండి తీసి కలిపింది. మనిషి కష్టపడుతుంటే చేతులు చాచి ఊరికే నిలబడడం ఎంత కష్టమో కేశవులుకు ఆ రోజు తెలిసింది. అతను చేసిన సేవల్లో, తల్లికి చేసినదానితో సహా, అంత కష్టమైనది మరొకటి లేదు.

"సంకటి కెలికే సత్తువ లేదు. జావే," అంది ఆమె గిన్నెతో గడపదాకా దేక్కుంటూ వచ్చి. అంతలోనే తువ్వాలు వైపు చూసి, "జావ తువ్వాల్లో ఎట్ల పోస్తారు, తెలివితక్కువోడా!" అని ఒక దొన్నె తీసి, అందులో పోసి ఇచ్చింది. ఎప్పటిలాగే అతని మొహం వైపు కండ్లార్పకుండా చూస్తూ కూర్చుంది.

కేశవులు ఒక గుక్క తాగాడు.

"ఉప్పు సరిపోయిందా?"

అందులో ఉప్పు లేనే లేదు. సరిపోయిందని అనడం ఎన్నాళ్ళనుంచో అతనికి అలవాటు. ఈసారి అతను ఆకాశం వైపు చూడలేదు, ఆమె మొహంలోకి చూశాడు.

"తెలీడంలేదవ్వా. నువ్వు ఒక గుక్క తాగి చెప్పు."

వండిన మనిషికి ఆ మాట కంటే పెద్ద సవాలు లేదు. అవ్వ గరిటతో చేతిలో ఇంత పోసుకుని నోట్లో వేసుకుంది.

"అయ్యో నా మతిమరుపు కాలిపోను, ఉప్పే వెయ్యలే! మరి చెప్పవేంది? ఇన్నాళ్ళూ సరిపోయింది సరిపోయింది అని ఇట్లనే చెప్తాంటివా?"

"అవునవ్వా," అన్నాడు కేశవులు.

"దొంగోడా!" అంది ఆమె. ఉప్పురాళ్ళు వేసి కలిపింది. మళ్ళీ ఇంత పోసుకుని చూసింది. ఎక్కువైందేమోనని మరి కాస్త చూసింది. "ఇప్పుడు తాగు" అని అతని దొన్నె నింపి, తనకూ ఒక దొన్నెలో పోసుకుంది. గడపకు లోపల ఆమె, బయట అతను కూర్చుని తాగారు. రెండో దొన్నె అయ్యేసరికి ఆమె నుదుటిమీద చెమట పట్టింది. కేశవులు లోపలివైపు చూపిస్తే, సణుక్కుంటూ పోయి మాత్ర తెచ్చుకుని మింగింది. ఆ తర్వాత నడుమునొప్పి గురించి చెప్పింది. ఆ రోజు కేశవులు దాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నాడు. ఆ నొప్పి ఏ వయసులో మొదలైందో, మొగుడు ఏ ఆకు నూరి కట్టేవాడో, అతను పోయాక ఆ ఆకు కోసుకురావడమే ఆమె ఎందుకు మానేసిందో అన్నీ తెలిశాయి. ఎన్నిసార్లో విన్న కథే అయినా అందులో ఇంత ఉందని అతనికి అంతవరకూ తెలియదు.

లేచేటప్పుడు తాతకని మిగిలిన జావ సత్తుగిన్నెలో పోసి ఇచ్చింది. మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది.

"రేపు నువ్వు వచ్చినా రాకపోయినా నాకేం లేదు. నేనేం కాచుకోని ఉండను."

"సరే అవ్వా," అన్నాడు కేశవులు.

కొండెక్కేసరికి పొద్దు వాలిపోయింది. తాత బండ మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచీ ఆయనకూ తిండి లేదని అప్పుడు తట్టి, కేశవులు గిన్నె ముందు పెట్టి, జరిగినదంతా చెప్పాడు. చౌడమ్మ అడిగిన మాట, చల్లారిన పొయ్యి, తువ్వాలు, ఉప్పు, అవ్వ తిట్టిన తిట్టు, ఏదీ దాచుకోలేదు. తాత జావ తాగుతూ విన్నాడు. మధ్యలో ఒకసారి "ఉప్పు కొంచెం ఎక్కువైంది" అన్నాడు. కేశవులు నవ్వాడు గానీ, ఆ నవ్వు నిలబడలేదు.

"రేపు మల్లా పోవాల తాతా."

తాత గిన్నె ఎత్తి ఇంకో గుక్క తాగాడు.

"నేను పోకుంటే ఆయమ్మ పొయ్యి ముట్టించదు. ఎండైనా, వానైనా, నాకు మనసున్నా లేకున్నా పోవాల్సిందే. రేపొక్కటే కాదు, ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ పోవాల్సిందే. ఇంగ నాకు స్వేచ్ఛ యాడిది తాతా?" అతని గొంతులో నిజంగానే భయముంది.

తాత గిన్నె కింద పెట్టి, మూతి తుడుచుకుని, శిష్యుడి వైపు ప్రేమగా చూశాడు.

"పొమ్మని నీకు ఎవరు చెప్పినారు నాయనా?" అన్నాడు.